ఎవరి ఒంటి సంగతి వాళ్ళే

"పడవ తిరగబడితే?" అంది తల్లి.

పడవ మాట ఇంకా ఎవరూ ఎత్తనే లేదు. అమ్మాయి గడప మీద కూర్చుని కొత్త బూట్లకు లేసులు ఎక్కిస్తోంది. ఆదివారం దీవికి వెళ్తున్నాననీ, అక్కడ గైడు వెంట అడవిలో నడిచి జలపాతం దాకా వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తాననీ మాత్రమే చెప్పింది. దీవి అన్న మాట చెవిన పడగానే తల్లి కళ్ళముందు నీళ్ళు, నీళ్ళ మీద పడవ, బోర్లా పడిన పడవ పక్కన తేలుతున్న ఒక బూటు, అన్నీ వరసగా వచ్చేశాయి.

"తిరగబడితే ఈదుకుంటూ వస్తాలే."

"నీకు ఈతెక్కడ వచ్చే?"

"నన్ను నేర్చుకోనిచ్చావా?"

తల్లి ఒళ్ళో పిల్లల యూనిఫారం చొక్కా ఉంది. బట్టలు కుట్టే షెడ్డు నుంచి మూటలు ఇంటికి తెచ్చుకుని కాజాలు కుట్టి, గుండీలు వేసి తిరిగి ఇచ్చే పని ఆమెది. కత్తిరించిన చిన్న గాటు చుట్టూ దారం దగ్గరదగ్గరగా తిప్పుకుంటూ పోవాలి. ఒక్క పోగు తప్పినా గుండీ నిలవదు. ఎంత భయం మాట్లాడుతున్నా ఆమె సూది మాత్రం ఆగదు.

"ఎవరెవరు వస్తున్నారు?"

"తెలీదు. వచ్చినవాళ్ళు వస్తారు."

"ముక్కూమొహం తెలియనివాళ్ళతోనా?"

"నడిచేసరికి తెలుస్తాయిలే ముక్కులూ, మొహాలూ."

"జలపాతం దగ్గర పాచి ఉంటుంది. పాచి మీద కాలు జారిందంటే..."

లోపలి గదిలోంచి తండ్రి గొంతు వినపడింది. రొట్టెల బట్టీలో పని ఆయనది. తెల్లారకముందే వెళ్ళి మధ్యాహ్నం వచ్చి నడుం వాలుస్తాడు. "వెళ్ళనీవే. రోజూ ఆ అద్దాల పొడి మింగుతోంది. ఒక్క రోజు కాస్త గాలి మింగి వస్తుంది."

"మీరు పడుకోండి. మింగడాల సంగతి మేం చూసుకుంటాం."

అమ్మాయి నవ్వింది. తల్లి నవ్వలేదు. సూది గుచ్చి, దారం లాగి, గొంతు తగ్గించింది. "ఆ సంగతి ఆ గైడుకు చెప్పావా?"

ఆ సంగతికి ఆ ఇంట్లో పేరు లేదు. ఆ సంగతి అంటే అదే.

"అమ్మా, చివరిసారి వచ్చినప్పుడు నేను రెండు జడలు వేసుకుని బడికెళ్ళేదాన్ని. ఇప్పుడు నా జుట్టు మెడ కూడా దాటదు. డాక్టరు గారు మాత్ర తగ్గించారు. అన్ని పనులూ చేసుకోమన్నారు. ఇంకేం సంగతి?"

"మాత్ర తగ్గించినప్పుడే ఇంకా జాగ్రత్తగా ఉండాలి."

"పెంచినప్పుడూ ఇదే అన్నావు."

నిజమే, అప్పుడూ అలాగే అంది. భయపడే మనిషికి ఒక లాభం ఉంటుంది. సాయంత్రం అయ్యేసరికి ఏమీ జరగలేదని రోజూ సంతోషించవచ్చు. అమ్మాయి గడప దాటి లోపలికి రాగానే ఆమెకు లోపల ఏదో ముడి విడినట్టుంటుంది. గుమ్మానికీ, బస్సుకూ, బస్సు నడిపినవాడికీ, మాత్రకూ, అన్నిటికీ కలిపి మనసులో ఒక దండం పెట్టుకుంటుంది. మళ్ళీ పొద్దున్నే భయం మొదలు.

మర్నాడు మూట షెడ్డులో అప్పజెప్పి, ఇంటికి రావలసిన మనిషి కళ్ళద్దాల షాపు వీధిలోకి తిరిగింది.

అమ్మాయి పనిచేసేది అక్కడే. ముందు అద్దాల బీరువాలు, వాటి నిండా ఫ్రేములు. వెనక చిన్న గదిలో అద్దాలు అరగదీసే మిషను. కస్టమరు ఎంచుకున్న ఫ్రేములో సరిగ్గా కూర్చునేట్టు అద్దం అంచును చక్రానికి ఆనించి, నీళ్ళు పోస్తూ, అరగదీయాలి. ఆ చప్పుడు కౌంటరు దాకా సన్నగా వినపడుతోంది. షాపాయన కళ్ళద్దాలు నుదుటి మీదకు తోసుకుని, కళ్ళద్దాల కోసం బల్ల మీద తడుముకుంటున్నాడు.

"నుదుటి మీద ఉన్నాయండీ," అంది తల్లి.

"ఓహో, మీరా అమ్మగారూ! అమ్మాయిని పిలవనా?"

"వద్దు, వద్దు. మీతోనే పని. ఆదివారం దానికి సెలవు ఇవ్వకండి."

"ఆదివారం షాపుకే సెలవు కదమ్మా!"

ఆమెకు ఆ సంగతి తట్టనే లేదు. "అయితే ఏదో అర్జెంటు పని ఉందని పిలిపించండి."

"నేనెందుకు పిలిపిస్తానమ్మా ఆదివారం పూట? మా ఆవిడ ఒప్పుకోదు. ఏం జరిగింది?"

అప్పుడు ఆమె బల్ల మీదకు వంగింది. మెడ కాస్త పక్కకు, చూపు నేల మీదకు, గొంతు సగానికి. ఇలా వంగడం ఆమెకు కొత్త కాదు. బడిలో పంతులమ్మ దగ్గర, టైపు నేర్పే ఇన్‌స్టిట్యూటులో, ఊళ్ళో బస్సు కండక్టరు దగ్గర ఇలాగే వంగింది. వంగిన ప్రతిసారీ అమ్మాయిని ఆటలోంచో, విహారయాత్రలోంచో, నాటకంలోంచో మెల్లగా పక్కన కూర్చోబెట్టారు. "మా అమ్మాయికి ఫిట్సు ఉండేవండీ. అడవిలో, నీళ్ళ దగ్గర వచ్చాయంటే ఏమైపోతుంది? మీరు పెద్దవారు, మీ మాటైతే వింటుందని..."

షాపాయన ఆమె వైపు చూడడం లేదు. వెనక గది తలుపు వైపు చూస్తున్నాడు. చక్రం చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

"అయ్యయ్యో," అన్నాడు. "మిషను దగ్గర కూర్చోబెట్టానే! ముందే చెప్పాలి కదమ్మా."

"మిషను గురించి కాదండీ నేను అంటున్నది. మిషనుకు ఏ భయమూ లేదు. డాక్టరు గారు చేయొచ్చన్నారు. అడవి గురించి..."

"మీకు అడవి, నాకు మిషను. ఏదైనా అయితే నా మీదకే కదా వచ్చేది!"

ఆమె ఇంకేదో చెప్పబోయింది. అప్పటికే ఆయన నుదుటి మీంచి అద్దాలు దించుకుని లోపలికి నడిచాడు. చప్పుడు ఆగింది. ఈసారి మళ్ళీ మొదలుకాలేదు. ఆమె గబగబా షాపు మెట్లు దిగేసింది.

సాయంత్రం అమ్మాయి వచ్చింది. చేతులు కడుక్కోకుండానే తినడానికి కూర్చుంది. రోజూ గోళ్ళ కింద తెల్లటి సన్నని గీతలుండేవి, అద్దం పొడి తడిసి ఎండినవి. సబ్బుతో రుద్దినా పోయేవి కావు. ఇవాళ గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

"ఇవాళ పనేమీ..." అంది తల్లి.

"ఫ్రేములు తుడిచాను. రేపు కూడా ఫ్రేములే తుడుస్తాను."

తర్వాత అమ్మాయి చెయ్యి చాపి, తల్లి ముక్కు మీంచి కళ్ళద్దాలు తీసింది. పైన దూరానికి, కింద దగ్గరకు, రెండు చూపుల అద్దాలు. వాటిని వెలుగుకు ఎత్తి చూసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ జాగ్రత్తగా తల్లి చెవుల మీద పెట్టింది.

"ఇవి ఎవరు అరగదీశారు?"

తల్లి కూర గిన్నె ఆమె వైపు జరిపింది.

ఆ తర్వాత ఇంట్లో మాటలు లేవనలేం. తిన్నావా అంటే తిన్నాను. తలుపు వేశావా అంటే వేశాను. మాత్ర అంటే, మాత్రల డబ్బాలో ఖాళీ అయిన అర చూపించడం. తండ్రితో మాత్రం మామూలుగానే జోకులు వేస్తోంది. తల్లి గదిలోకి రాగానే రేడియో కట్టేసినట్టు ఆగిపోతోంది.

శనివారం తల్లి, "నేనూ వస్తాను," అంది.

అమ్మాయి ఆమె వైపు చూడకుండా, "నీ ఇష్టం," అంది.

గైడుకు ఫోను చేస్తే బొంగురు గొంతు వినపడింది. "నడవగలరా అమ్మా?"

"కూతురి వెనకాల ఎంత దూరమైనా నడుస్తానండీ."

"అడవిలో అందరూ అదే అంటారు. రండి, రండి."

పడవ తిరగబడలేదు. గట్టు కనపడేదాకా తల్లి మాత్రం రెండు చేతులతో బల్లను పట్టుకునే ఉంది. ఆమె సంచీలో ఉడికించిన గుడ్లు, బట్టీలోంచి తెచ్చిన రొట్టె, అరటిపళ్ళు, గొడుగు, ఒక జత బట్టలు, దూది, సూదీ దారం, టార్చి లైటు ఉన్నాయి. ఎదుట కూర్చున్న బ్యాంకు ఆవిడ ఆ సంచీ చూసి, "ఏమ్మా, అక్కడే కాపురం పెడతారా?" అంది. బ్యాంకు ఆవిడా, ఆమె భర్తా ఇద్దరూ బ్యాంకులోనే పనిచేసి రిటైరయ్యారట. మెడలో పెద్ద కెమెరాతో ఇంకొకాయన ఉన్నాడు. వచ్చినవాళ్ళు అంతే.

రేవులో దిగగానే తల్లి గైడు పక్కకు చేరింది. పొడుగాటి మనిషి, మెడలో తుండు, చంకలో కర్ర. ఆమె మెడ పక్కకు వంచింది. "అయ్యా, ఒక్క మాట. మా అమ్మాయికి..."

ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు. కోపంగా కాదు, దారిలో కొమ్మ పక్కకు జరిపినట్టు. "మీ సంగతేమైనా ఉంటే చెప్పండమ్మా. అమ్మాయి సంగతి అమ్మాయి చెబుతుంది." తర్వాత అందరికీ వినపడేట్టు గొంతు పెంచాడు. "ఇక్కడ మాకో పద్ధతుంది. అడవిలో కాలు పెట్టేముందు ఎవరి ఒంటి సంగతి వాళ్ళే చెప్పాలి. అందరూ వినాలి. పక్కవాళ్ళ ఒంటి సంగతి ఇక్కడ చెల్లదు. ముందు నాది చెబుతా. ఎడమ చెవి సరిగ్గా వినపడదు. జలపాతం హోరు తినేసింది. పిలిస్తే కుడివైపు నుంచి పిలవండి."

బ్యాంకాయన గొంతు సవరించుకున్నాడు. "నాకు బీపీ."

"షుగరు కూడా చెప్పండి," అంది ఆవిడ.

"అమ్మా! ఆయనకు నోరుంది," అన్నాడు గైడు.

"చాలా ఏళ్ళ తర్వాత నా నోరు నాకు ఇప్పించారు, థాంక్సండీ," అన్నాడు బ్యాంకాయన. "షుగరు కూడా ఉంది." అందరూ నవ్వారు. ఆవిడ నవ్వుతూనే భర్త భుజం మీద ఒక్కటి వేసి, తనకు ఆయాసం వస్తుందనీ, వస్తే కూర్చుంటాననీ, తొందరపెట్టొద్దనీ చెప్పింది. కెమెరా ఆయన, "నాకు జలగలంటే భయం. జబ్బేం కాదు గానీ, అరుస్తాను," అన్నాడు.

అమ్మాయి వంతు వచ్చింది. ఆ సంగతి అమ్మాయి నోట బయటివాళ్ళ ముందు తల్లి ఎప్పుడూ వినలేదు.

"నాకు చిన్నప్పటి నుంచి ఫిట్సు ఉన్నాయి," అంది అమ్మాయి, చిరునామా చెప్పినంత మామూలుగా. "ఏళ్ళయింది వచ్చి. మాత్ర వేసుకుంటున్నాను. ఒకవేళ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి. చేతులూ కాళ్ళూ అదిమి పట్టొద్దు."

"నీళ్ళు తాగించాలా?" అడిగాడు కెమెరా ఆయన.

"వద్దు. నోట్లో ఏమీ పెట్టొద్దు. ఎంతకీ తగ్గకపోతే గైడు గారు ఆస్పత్రికి కబురు పెడతారు. నీళ్ళలోకి ఒక్కదాన్నీ దిగను, పక్కన ఎవరైనా ఉంటేనే. ఆఁ, ఇంకొకటి. లేవగానే నన్ను ప్రశ్నలు అడగొద్దు. అప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది."

మళ్ళీ నవ్వులు. అయ్యో పాపం అన్న మొహం ఒక్కటి కూడా కనపడలేదు. బ్యాంకు ఆవిడ తన మెడలోని మెత్తటి శాలువా చూపించి, "తల కిందకు ఇది పనికొస్తుందా తల్లీ?" అని అడిగింది, పెళ్ళికి ఏ చీర కట్టుకోను అని అడిగినట్టు. గైడు తల ఊపాడు, అంతే.

తల్లి నేల చూపులు చూస్తోంది. లేవగానే ప్రశ్నలు అడిగింది ఎవరు? నేనెవరినే, నీ పేరు చెప్పు, ఇవి ఎన్ని వేళ్ళో చెప్పు అంటూ మొహం మీదకు వంగి అడిగింది ఆమే. ఒళ్ళు మండుతుందని ఆ పిల్ల ఏనాడూ చెప్పలేదు. చెప్పే సందు తను ఏనాడు ఇచ్చింది గనక!

"మీ సంగతమ్మా?" అన్నాడు గైడు.

"నాకా? నాకేమీ లేదండీ."

"ఏమీ లేని ఒళ్ళుంటుందా?"

"ఏమీ లేదండీ," అంది మళ్ళీ. అబద్ధం కాదు. తన ఒంటి గురించి ఆలోచించే తీరిక ఆమెకు ఎప్పుడూ దొరకలేదు.

అడవి ఆమె ఊహించినంత చీకటిగా లేదు. ఆకుల మధ్య నుంచి వెలుగు జల్లెడలోంచి రాలినట్టు దారి మీద పడుతోంది. గైడు ముందు, ఆయన వెనక బ్యాంకు దంపతులు, తర్వాత అమ్మాయి, తర్వాత తల్లి, చివర కెమెరా ఆయన. అమ్మాయి మెడ వెనక చిన్న వెంట్రుకలు చెమటకు అంటుకుపోయి ఉన్నాయి. తల్లి కళ్ళు అక్కడే ఉన్నాయి. చెట్ల వేళ్ళన్నీ పాముల్లా ఉన్నాయని అనుకుంటూనే, వాటి మీద అడుగు వేస్తూనే ఉంది. మధ్యలో ఒకసారి కెమెరా ఆయన కేక పెట్టాడు. జలగ కాదు, ఎండుటాకు.

"చెప్పాను కదా, అరుస్తానని," అన్నాడు సిగ్గుపడుతూ.

ఎక్కుతున్నంతసేపూ తల్లికి బాగానే ఉంది. దారి వాగు వైపు దిగడం మొదలయ్యాక వచ్చింది తంటా. కింద రాళ్ళు ఉన్నట్టే ఉండి, కాలు పెట్టేసరికి అక్కడ ఉండడం లేదు. ఒక రాయి ఎత్తుగా కనపడి పల్లమైంది. ఇంకొకటి పల్లంగా కనపడి మడమకు తగిలింది. మూడోదాని మీద కాలు జారి చతికిలబడింది. సంచీలో గుడ్లు చితికిన చప్పుడు.

అమ్మాయి వెనక్కి వచ్చింది. లేవదీసి, తల్లి మొహంలోకి చూసింది. కోపంగా కాదు, ప్రేమగానూ కాదు. కౌంటరు దగ్గర కస్టమరుకు ఫ్రేము సరిపోయిందో లేదో చూసినట్టు.

"కళ్ళు దించి చూస్తున్నావు," అంది. "కింది అద్దం సూది ఎక్కించుకోడానికి. రాయి నీ ఒళ్ళో లేదు, కాలి దగ్గర ఉంది. గడ్డం దించు. ఇంకా దించు. గొంతుకు ఆనించు. ఇప్పుడు పై అద్దంలోంచి చూడు."

తల్లి గడ్డం దించింది. రాళ్ళు ఒక్కసారిగా ఎక్కడివక్కడ కూర్చున్నాయి. పాచి ఉన్నదేదో, లేనిదేదో కూడా తెలుస్తోంది.

"కనపడుతున్నాయే!" అంది.

"కనపడతాయి," అని అమ్మాయి ముందుకు నడిచింది.

తల్లి అలాగే వంగిన తలతో వాగు దాటింది. తన ఒంటి సంగతి తనకే తెలియదని ఆ రాళ్ళ మీద తెలిసింది. గైడు అడిగినప్పుడు అమ్మాయి లాగా చెప్పగలిగితే ఎంత బాగుండేది: నాకు దిగేటప్పుడు రాళ్ళు కనపడవు, కాస్త చెయ్యి అందించండి. ఇంతే కదా! ఇంత చిన్న మాట!

వాగు అవతల ఒక గుడిసె ఉంది. నాలుగు వైపులా తెరిచి, పైన రేకు, లోపల బల్లలు, ఒక మూల స్టవ్వు. అక్కడి నుంచి జలపాతం దారి నిటారుగా దిగుతుంది. రాతికి కట్టిన మోకు పట్టుకుని, మొహం రాతి వైపు పెట్టి, వెనక్కి దిగాలి. తల్లి అంచు దాకా వెళ్ళి తొంగి చూసింది. గడ్డం దించినా లాభం లేకపోయింది. వెనక్కి జరిగి గుడిసె గుంజను పట్టుకుంది.

గైడు ఆ పట్టు చూశాడు. "మీరు ఇక్కడ కూర్చోండమ్మా. ఈ గుడిసె ఉన్నది అందుకే. టీ తాగుతూ ఉండండి. మేం వెళ్ళి వచ్చేస్తాం." తర్వాత అమ్మాయి వైపు తిరిగాడు. "నువ్వు?"

తల్లి పడ్డప్పుడు తీసుకున్న సంచీ ఇంకా అమ్మాయి భుజానికే ఉంది. ఆ పట్టీని బొటనవేలితో మెలితిప్పుతూ నిలబడింది. ఆ నిలబడడం తల్లికి తెలుసు. బడి గేటు దగ్గర విహారయాత్ర బస్సు వెళ్ళిపోతుంటే ఇలాగే నిలబడింది. నువ్వు కూడా నా దగ్గరే ఉండవే అన్న మాట రాబోతోందని ఆ పిల్లకు తెలుసు. ఆ మాట కోసమే ఎదురుచూస్తోంది. మాట తల్లి నోట్లో తయారుగానే ఉంది. కింద నుంచి హోరు వినపడుతోంది. ఆ హోరులో పాచి ఉంది, లోతు ఉంది, తను లేదు.

బ్యాంకు ఆవిడ శాలువా సర్దుకుంటూ నిలబడింది. ఎవరూ తొందరపెట్టలేదు.

"ఆ సంచీ ఇలా ఇచ్చి వెళ్ళు," అంది తల్లి. "బరువుతో ఎలా దిగుతావు?"

అమ్మాయి తలెత్తి చూసింది. సంచీ తీసి ఇచ్చింది. రొట్టెలో ఒక ముక్క విరిచి జేబులో పెట్టుకుంది. మోకు పట్టుకుని వెనక్కి తిరిగింది. మొదట కాళ్ళు, తర్వాత నడుము, తర్వాత ఆ పొట్టి జుట్టు. తర్వాత ఉట్టి మోకు మాత్రం కాసేపు కదిలి, ఆగిపోయింది.

గుడిసె చూసుకునే ఆవిడ స్టవ్వుకు గాలి కొడుతోంది. నడివయసు మనిషి. మీద మగవాళ్ళ ఖాకీ కోటు, దాన్ని ముందు పిన్నుతో బిగించింది.

"కూర్చో అక్కా. అక్కడే నిలబడితే మోకు అరిగిపోతుంది."

తల్లి వచ్చి బల్ల మీద కూర్చుంది. చితికిన గుడ్లు తీసి పెంకు ఒలిచి ఆవిడ ముందు పెట్టింది. ఆవిడ ఒకటి నోట్లో వేసుకుని, "మా ఇంటాయన కోటు ఇది. గుండీలున్నాయి గానీ కాజాలన్నీ చిరిగిపోయాయి. ఆయన పొట్ట చేసిన పని," అంది.

"ఇటివ్వు."

సూదీ దారం బయటికి వచ్చాయి. చేతికి పని దొరికాక గుండె కాస్త నెమ్మదించింది. తల్లి చిరిగిన అంచు మడిచి, కింది అద్దంలోంచి చూస్తూ, దారం తిప్పడం మొదలుపెట్టింది.

"దిగింది మీ అమ్మాయేనా? మొహం చూస్తే తెలుస్తోంది. ఏం చేస్తుంది?"

తల్లి మెడ దానంతట అదే పక్కకు వంగింది. చూపు నేల మీదకు వాలింది. గొంతు సగానికి దిగింది. "మా అమ్మాయికి చిన్నప్పటి నుంచి..."

సూది ఆగింది.

గుడిసె ఆవిడ టీ గిన్నె దించుతూ చూసింది. "ఆఁ, చిన్నప్పటి నుంచి?"

రేవులో గైడు ఎత్తిన చెయ్యి ఆమె కళ్ళముందు మెదిలింది. తల్లి మెడ నిటారుగా చేసుకుంది. "చిన్నప్పటి నుంచి చేతి పని బాగా వచ్చు," అంది. "మిషను మీద కళ్ళద్దాలు అరగదీస్తుంది. ఇదిగో, నావి తను చేసినవే. పైన దూరం, కింద దగ్గర. ఇవి లేకపోతే నీ కోటుకు కాజా పడేది కాదు."

"అబ్బో! ఆడపిల్ల, మిషను పనే! మాకూ ఒకటి చేసిపెట్టమను. మా ఆయనకు నేను తప్ప అన్నీ మసకే."

తల్లి నవ్వింది. తర్వాత, నవ్వు ఇంకా పెదవుల మీద ఉండగానే, అద్దాలు తుడుచుకోవలసి వచ్చింది. రేపు షాపాయన దగ్గరికి వెళ్ళి కాళ్ళావేళ్ళా పడైనా అమ్మాయిని మిషను దగ్గర మళ్ళీ కూర్చోబెట్టమని అడగాలనుకుంది. అంతలోనే ఆ బల్ల మీదకు మళ్ళీ వంగుతున్న తన మెడ తనకే కనపడింది. కాదు. ముందు అమ్మాయిని అడగాలి, నేను ఏం చేస్తే నీకు పనికొస్తుందే అని. ఏమీ చేయొద్దంటే ఇంట్లో కూర్చుని కాజాలు కుట్టుకోవాలి. అది చాలా కష్టమైన పని అనిపించింది.

టీ వేడిగా గొంతు దిగింది. ఎవరో ముక్కూమొహం తెలియని మనుషులు, ఒకాయన చెవి వినపడనివాడు, ఒకాయన ఆకుకు అరిచేవాడు, ఆయాసం మనిషి, షుగరు మనిషి. వాళ్ళ మధ్యలో తన కూతురు దిగుతోంది. వాళ్ళ ఒళ్ళు ఎలాంటివో వాళ్ళే చెప్పుకున్నారు కాబట్టి, ఏ చెయ్యి ఎవరికి అందించాలో వాళ్ళకు తెలుసు. ఇంతకాలం కూతురికి తను ఒక్కతే దిక్కనుకుంది. ఆ శాలువా గుర్తొచ్చి ఆమెకు ఎవరికో దండం పెట్టాలనిపించింది. చేతిలో సూది ఉండడం వల్ల మనసులోనే పెట్టుకుంది.

బల్ల కింద ఏదో గరగరమంది. గుడిసె ఆవిడ వంగి నల్లటి వాకీటాకీ ఒకటి పైకి తీసింది.

"చేరాం," అంది గైడు బొంగురు గొంతు, నీళ్ళ హోరు మధ్య నుంచి. "అందరం చేరాం. ఆ అమ్మ ఎలా ఉన్నారు?"

"కోటు కుడుతోంది," అంది ఆవిడ. తర్వాత ఆ డబ్బాను తల్లి చేతికి ఇచ్చింది. "మాట్లాడు అక్కా. ఈ గుండీ నొక్కి మాట్లాడి, వదిలెయ్యాలి. వదిలితేనే అవతలివాళ్ళ మాట వస్తుంది."

"మా అమ్మాయికి ఇస్తారా?" అంది తల్లి అందులోకి. గుండీ వదలడం మర్చిపోతే ఆవిడ వేలు పట్టి వదిలించింది.

"ఇస్తున్నా," అంది బొంగురు గొంతు.

తల్లి మళ్ళీ గుండీ నొక్కింది. ప్రశ్నలన్నీ వరసలో నిలబడ్డాయి. తల తిరుగుతోందా? ఎండగా ఉందా? నీళ్ళకు ఎంత దూరంలో ఉన్నావు? పక్కన ఎవరున్నారు? మాత్ర వేసుకున్నావా? ఏళ్ళ తరబడి అడిగిన ప్రశ్నలు, నాలుక మీదకు తోవ తెలిసినవి. ఆమె వాటిని పక్కకు జరిపింది. వాటి వెనక ఎప్పుడూ వంతు రాని ప్రశ్న ఒకటి నిలబడి ఉంది.

"ఎలా ఉందే అక్కడ?" అంది. "జలపాతం ఎలా ఉంది? నాకు చెప్పు."

గుండీ వదిలింది.

డబ్బాలో హోరు. హోరు తప్ప ఏమీ లేదు. తర్వాత అది కూడా తెగిపోయింది.

"రాతి చాటున మాట అందదు," అంది గుడిసె ఆవిడ. "ఒక్కోసారి అంతే."

తల్లి తల ఊపింది. పాచి వచ్చింది, లోతు వచ్చింది, బోర్లా పడిన పడవ కూడా ఎక్కడి నుంచో తిరిగి వచ్చింది. గుండీ మీద వేలు ఉంది. నొక్కితే ఆ పిల్ల మాట రాదని వేలు తీసేసింది. కోటు ఒళ్ళో ఉంది, దారం సగంలో వేలాడుతోంది. రేకు మీద ఆకు ఒకటి రాలి, జారి, కింద పడింది. టీ మీద మీగడ కట్టింది. గుడిసె ఆవిడ స్టవ్వు ఆర్పి, చప్పుడు చేయకుండా పక్కన కూర్చుంది. కోపంతో చెప్పడం లేదేమో, వినపడలేదేమో, లేక ఇంకేదైనానేమో. తల్లి మళ్ళీ అడగలేదు. ఒకసారి అడిగిన ప్రశ్నను అలాగే, చేతిలో నీళ్ళు పట్టుకున్నట్టు, ఒలకకుండా పట్టుకుని కూర్చుంది.

డబ్బా గరగరమంది.

"అమ్మా," అంది అమ్మాయి. రొప్పుతోంది, నవ్వుతోంది, పళ్ళు చలికి టకటకలాడుతున్నాయి. "నువ్వు భయపడేవన్నీ ఉన్నాయే ఇక్కడ. పాచి ఉంది. లోతు ఉంది. గాలికి మొహం మీద నీళ్ళు కొడుతున్నాయి, కళ్ళు తెరవనివ్వడం లేదు." కాసేపు హోరు ఒక్కటే వినపడింది. "ఎంత బాగుందో అమ్మా!"